కథాపఠనము – జాతిముద్రలు

తెన్నేటి సూరి రచించిన ‘చెంగిజ్‌ఖాన్’ నవలను తొలిసారి చేతబట్టిన తెలుగు పాఠకులలో పెక్కురు మొదటి పుట తెరువకమునుపే ఒక నిశ్చయమునకు వచ్చియుందురు, కథానాయకుడు మహమ్మదీయుడని. ఈ నిశ్చయమునకు గల ఆధారమెల్ల ‘ఖాన్’ అను మాట ఒక్కటే. గోలకొండ, ఆర్కాటు నవాబుల కొలువులలో ఆ బిరుదమును విని విని మన చెవులకట్లు అలవాటైనది. కాని అది మధ్యాసియా మైదానములలో గుఱ్ఱములపై తిరుగు తెగల నాయకులకు చెల్లిన పాతబిరుదము. 1206లో మంగోలు తెగలన్నియు కూడి తెముజిన్‌ను తమ ప్రభువుగా నెన్నుకొన్నప్పుడు ఆ బిరుదము నాతడు ధరించెను. ఆతడు కొలిచినది నీలాకాశమును. 1219లో ఆతడు దండెత్తిన ఖ్వారిజం మహమ్మదీయ రాజ్యము. 1258లో ఆతని మనుమడు హులాగు కూల్చిన బాగ్దాదు ఖలీఫాల రాజధాని. ఇస్లాం నగరములను నేలమట్టము చేసిన వంశకర్తను మహమ్మదీయునిగా తలచి, ఆతని క్రౌర్యమును సయితము ఆ మతము ఖాతాలో వ్రాయువారు నేటికిని కలరు.

చరిత్రగ్రంథము ఈ పొరపాటును దిద్దగలదు. నవల మరియొక పని చేయుచున్నది. ఆ పొరపాటు పాఠకుని మనస్సులో నేమూల దాగియున్నదో చూపుచున్నది. మదరాసు పత్రికారంగమున పనిచేసిన సూరి 1950 ప్రాంతమున ఈ నవలను వెలువరించినప్పుడు మంగోలులు మనకు తెలిసినది పరాయివారి కథనముల వలననే. ఓడినవారు వ్రాసిన చరిత్రలో గెలిచినవాడు రాక్షసుడగుట వింత కాదు. సూరి పాఠకుని కోటగోడపై నిలుపక, గుడారములోనికి గొనిపోయెను. తండ్రిని కోల్పోయి, తెగచే వెలివేయబడిన బాలుని ఆకలి తెలిసిన పిదప ‘అనాగరికుడు’ అను మాట మునుపటివలె సులువుగా నోటికి రాదు.

అయినను ఈ విజయమునకొక హద్దు కలదు. నవలను మెచ్చుకొనువారిలో తరచుగా వినవచ్చు మాట, ‘మంగోలులలో పుట్టియు ఎంతటి మహాపురుషుడు!’ అని. ఆ ‘పుట్టియు’ అనుదానిలోనే కిటుకంతయు నున్నది. ఒక్కనికి మినహాయింపు నిచ్చి జాతిని ఎప్పటి చోటనే యుంచుట పాఠకునికి మిక్కిలి తేలిక. వీరగాథగా నడచు నవల ఆ తేలికదారిని పూర్తిగా మూయలేదు. ఇది సూరి ప్రతిభకు లోపము కాదు, ఆ ప్రక్రియకు గల స్వభావము.

ఈ దారిని మూయ యత్నించిన కథ యొకటి అమెరికాలో వెలువడినది. టోనీ మోరిసన్ 1983లో ప్రకటించిన ‘రెసిటాటిఫ్’లో ఇద్దరు బాలికలు అనాథాశ్రమమున ఒకే గదిలో కొంతకాలము గడుపుదురు. ఒకతె నల్లజాతిది, ఒకతె తెల్లజాతిది. ఎవతె ఎవతెయో రచయిత్రి తుదివరకు చెప్పదు. ఒకతె తల్లి నాట్యములలో మునిగియుండును, మరియొకతె తల్లి రోగిష్ఠి. పాఠకుడు ఆ తల్లుల నడవడిని, తిండిని, జుట్టును తూచి తీర్పు చెప్పబూనును. ప్రతి గురుతును ఇరువైపులకు మొగ్గగలదు. తుదకు మిగులునది ఆ బాలికల రంగు కాదు, పాఠకుని తరాజు. మన కథలలోను నాయిక ఛాయను రచయిత చెప్పనిచోట మనము దబ్బపండు ఛాయనే పూయుదుము. దొంగకు మాత్రము ఎవరును చెప్పకయే నలుపు పూయుదుము.

అమెరికా వఱకు పోనేల? చెన్నపురి తెలుగువారికి ఇంటి ప్రక్కనే పరీక్ష యున్నది. డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్లున్నదని తమిళమును పరిహసించుట మనకు వాడుక. మదరాసులో తయారైన తెలుగు చలనచిత్రములలో అరవయాసతో మాటలాడు పాత్ర నవ్వుకొరకే ప్రవేశించెడిది. ‘అరవము’ అను పేరు అరువానాడు అను ప్రాచీన ప్రదేశనామము నుండి వచ్చినదని పండితులలో కొందరి మతము. జనము మాత్రము దానిని ‘అరచుట’తో ముడిపెట్టిరి. బదులు చాల ముందే చెల్లినది. సంగకాలపు తమిళ కవితలలో ఉత్తరదిక్కు ‘వడుగులు’ కోపపు కుక్కలను వెంటబెట్టుకొని, అర్థముకాని మాటలాడువారుగా కనబడుదురు. ఆ వడుగులు మన పూర్వులే. ఈ సంగతి విన్న తెలుగువాడు నవ్వడు, నొచ్చుకొనును. డబ్బాలో గులకరాళ్ళు అప్పుడే జ్ఞప్తికి రావలెను.

ఇంతకంటె లోతైన పరీక్ష కి. రాజనారాయణన్ తమిళమున వ్రాసిన ‘గోపల్ల గ్రామం’. 1976లో వెలువడిన ఈ నవల కర్త, కోవిల్‌పట్టి చెంతనున్న ఇడైసేవల్‌లో తెలుగు కుటుంబమున జన్మించెను, 2021లో దివంగతుడాయెను. చెన్నాదేవి యను సుందరిని తురక రాజు కోరుటచే ఆమె బంధువులు తెలుగునేల విడిచి, దక్షిణపు నల్లరేగడిలో అడవి కొట్టి ఊరు కట్టిన కథ యిది. ఇందలి ముసలివారి మాటలు, పొలముల వాసన మన గుండెకు తగులును. కాని ఆ రాజు ఎవరు, ఏ ఊరివాడు, ఏ కాలమువాడు అని తెలుగు పాఠకుడు అడుగడు. దొంగల సంగతి, పంచాయతీ సంగతి వచ్చినప్పుడు ప్రశ్నించు ఆతని బుద్ధి ఇచ్చట నిద్రించును. ‘తురక రాజు, అందగత్తె’ అనగానే కథ తనకు ముందే తెలిసినట్లు తోచును.

అది నిజముగా ముందే తెలిసిన కథ. తొట్టియర్లను గూర్చి ఇట్టి గాథనే, నది దాటుటకు కానుగు చెట్లు వంగి వంతెనయైన వింతతో సహా, థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన కులముల గ్రంథములో చేర్చెను. వేర్వేరు తెలుగు కులములవారు ఒకే కథను తమ వలసకు కారణముగా చెప్పుకొనుట గమనింపదగినది. భయముచే పారిపోయినవారుండిన నుండవచ్చును. కాని విజయనగర సేనలతో కత్తిపట్టి దిగినవారును, 16వ శతాబ్దిలో మధుర నాయకరాజ్యము నెలకొనిన పిదప భూములకై వచ్చినవారును ఆ వలసలో కలరు. కొత్తనేలపై ఏలికలుగా దిగినవారికి తమను శరణార్థులుగా తలచుకొనుట హాయిగా నుండును. అందుకొక దుర్మార్గుడు కావలెను; వానికి పేరు పెట్టనవసరము లేకపోయెను.

రాజనారాయణన్ తన పెద్దలు చెప్పిన కథను చెప్పినట్లే వ్రాసెను, దిద్దలేదు. దిద్దియున్నచో ఆ ముసలివారి గొంతు మనకు దక్కెడిది కాదు. తెలుగు పాఠకుడు మాత్రము ఆ ఘట్టమును రెండవమారు చదువునప్పుడు చెన్నాదేవి బంధువులు అడవి కొట్టక మునుపు ఆ నల్లరేగడిలో పశువులను మేపుకొనినవారెవరో, వారి భాష యేదో వెదకి చూడవలసియున్నది.