చారుకన్నా పల్చటి సాస్

బార్బెక్యూ సాస్ అనగానే మనకు గుర్తొచ్చేది సీసాలో దొరికే తియ్యటి, ఎర్రటి, జిగటగా ఉండే సాస్. అది టమాటా, మొలాసిస్ కలిపి చేసే కాన్సస్ సిటీ పద్ధతి. నార్త్ కరోలినా తూర్పు ప్రాంతంలో మాత్రం సాస్ చారుకన్నా పల్చగా ఉంటుంది. టమాటా ఊసే ఉండదు. పంది మాంసానికి దీన్ని మించిన జోడీ నాకు కనిపించలేదు.

దీనికి పొయ్యి వెలిగించే పనే లేదు. రెండు కప్పుల యాపిల్ సైడర్ వెనిగర్‌లో పెద్ద చెంచాడు కచ్చాపచ్చాగా దంచిన ఎండుమిరప, చిన్న చెంచాడు మిరియాల పొడి, రెండు చిన్న చెంచాల ఉప్పు, ఇష్టమైతే కాస్త బ్రౌన్ షుగర్ వేసి, ఉప్పు కరిగేదాకా గాజు సీసాలో కుదపాలి. మెత్తటి కారం వద్దు, అది అడుగున బురదలా పేరుకుంటుంది. కలిపిన పూటే రుచి చూస్తే పులుపు ముక్కుకు కొడుతుంది, కారం విడిగా తగులుతుంది. రెండు మూడు రోజులు ఊరనిస్తే మిరప ఘాటు వెనిగర్‌లోకి దిగి రెండూ ఒకటవుతాయి. ఆవకాయను మూడో రోజున తిరగకలిపే ఇళ్లకు ఈ ఓపిక కొత్తేమీ కాదు.

ఇంత పులుపు ఎందుకంటే, పంది భుజం మాంసం నిండా కొవ్వు, గట్టి కండర బంధాలు ఉంటాయి. సన్నటి సెగ మీద గంటల తరబడి మగ్గి, లోపలి వేడి 90 డిగ్రీల సెల్సియస్ దాటేసరికి ఆ బంధాల్లోని కొల్లాజెన్ కరిగి జెలటిన్ అవుతుంది. మాంసం చేత్తో పీచులుగా విడిపోతుంది. అంత మెత్తదనం, అంత కొవ్వు నాలుగు ముద్దలకే మొహం మొత్తుతాయి. మాంసం వేపుడు మీద నిమ్మచెక్క పిండుకుంటే ఏమవుతుందో ఇక్కడా అదే జరుగుతుంది, ప్రతి ముద్దకూ నాలుక మళ్లీ తేటపడుతుంది. చిక్కటి సాస్ పైపైనే నిలుస్తుంది, పల్చటిది పీచు పీచుకూ ఇంకుతుంది. తీపి సాస్ నిప్పుల మీద మాడి చేదెక్కుతుంది కనుక చివర్లోనే పూయాలి. దీనితోనైతే మొదటినుంచీ మాంసాన్ని తడుపుతూ ఉండవచ్చు.

ఒకప్పుడు రాత్రంతా నిప్పుల గుంటల పక్కన మేలుకుని ఇలా తడుపుతూ వండినవాళ్లలో ఎక్కువమంది బానిసలుగా బతికిన ఆఫ్రికన్ సంతతి వంటవాళ్లు. ఈ విద్యకు పునాది వేసింది వాళ్లే అయినా పేరు మాత్రం చాలాకాలం ఇతరులకే దక్కింది. నార్త్ కరోలినాలోని విల్సన్ పట్టణానికి చెందిన బార్బెక్యూ వంటవాడు ఎడ్ మిచెల్ లాంటి వాళ్లు ఆ వారసత్వాన్ని నలుగురికీ తెలిసేలా నిలబెట్టారు. ఆ రాష్ట్రంలోనే ఏడెన్‌లో పీట్ జోన్స్ 1947లో మొదలుపెట్టిన స్కైలైట్ ఇన్ రెస్టారెంట్‌లో ఇప్పటికీ పందిని మొత్తంగా కట్టె నిప్పుల మీద కాల్చి, కరకరలాడే చర్మంతో సహా కత్తులతో నరుకుతూ వెనిగర్ పోస్తారు. అదే రాష్ట్రంలోని క్యారీ, మోరిస్‌విల్‌లలోని తెలుగువాళ్లకు అది కారులో రెండు గంటల లోపు దారి. పడమటి వైపు లెక్సింగ్టన్‌లో భుజం మాంసమే వండుతారు, సాస్‌లో కెచప్ కలిపి ‘డిప్’ అంటారు. సౌత్ కరోలినా నడిమి ప్రాంతంలో ఆవాల సాస్ వాడతారు.

మాంసం పొగలు కక్కుతుండగానే విడదీసి సాస్ పోయాలి. చల్లారితే కొవ్వు గడ్డకట్టి లోపలికి దిగనివ్వదు. ముందు పావు కప్పు పోసి కలిపి, అయిదు నిమిషాలు ఆగి రుచి చూడండి. మిగిలింది సీసాతో సహా భోజనాల బల్ల మీద పెట్టండి, ఎవరికి కావలసినంత వాళ్లు పోసుకుంటారు.