గాంధీ చుట్టూ ఎనిమిది సెంజి రాళ్లు

పుదుచ్చేరి బీచ్ రోడ్డుకి వచ్చినవాళ్లంతా గాంధీ విగ్రహం దగ్గర ఫొటో దిగుతారు. నేనూ దిగాను. ఆ తరవాత విగ్రహాన్ని వదిలేసి, చుట్టూ నిలబడ్డ ఎనిమిది రాతి స్తంభాల దగ్గరే పొద్దు పుచ్చాను.

అవి ఈ ఊరివి కావు. సుమారు 70 కిలోమీటర్ల అవతల ఉన్న సెంజి కోటవి. 1750 సెప్టెంబరులో ఫ్రెంచి సేనాని బుస్సీ ఆ కోటను రాత్రికి రాత్రి పట్టేశాడు. ఆ తరవాత ఏడో ఏట మన బొబ్బిలి మీద పడిన బుస్సీయే! 1761లో ఇంగ్లీషువాళ్లు గుంజుకునేదాకా సెంజి ఫ్రెంచివాళ్ల చేతిలోనే ఉంది. నాయకరాజుల కాలంనాటి వెంకటరమణస్వామి గుడి స్తంభాలు అలా సముద్రపు ఒడ్డుకి చేరాయంటారు.

దగ్గరికెళ్లి చూస్తే మొదట నమ్మబుద్ధి కాదు. ఇంత పొడుగు, ఇంత సన్నం, అయినా అతుకన్నది లేదు. ఒక్కో స్తంభం ఒక్కటే రాయి. గ్రానైటు చెక్కతో సమానం కాదు. ఉలి పక్కకి జారితే అంచు పెచ్చులా లేచిపోతుంది, ఇక అతికించే దారి లేదు. అందుకే శిల్పి ముందు రాయిని సుత్తితో తట్టి వింటాడు. గంటలా ఖంగుమంటే పనికొస్తుంది; బొంగురుగా పలికితే లోపల పగులున్నట్టే. ఆ తరవాతిది లెక్క. నలుపలకల రాయికి నాలుగు మూలలూ సమంగా కొట్టేస్తే ఎనిమిది పలకలు, ఆ ఎనిమిది అంచులూ కొట్టేస్తే పదహారు. చెప్పడానికి ఇంతే. మనిషికి రెండింతలకు మించిన పొడుగున, కింది నుంచి పైదాకా, ఒక్క పలకైనా వెడల్పు తప్పకుండా దించాలి. ఒక అంచు మీద వేలు పెట్టి నడిపించాను. ఎక్కడా తడబడలేదు.

యుద్ధంలో గెలిచినవాళ్లు మామూలుగా తమ పేర్లు చెక్కించి కొత్త స్తంభం నిలబెడతారు. ఫ్రెంచివాళ్లకి ఓడినవాళ్ల రాళ్లే ముద్దొచ్చాయి. 1870లో తమ పాత గవర్నరు డూప్లే విగ్రహం పెట్టినప్పుడు పీఠానికీ సెంజి శిల్పాల ముక్కలే వాడారు. ఆ విగ్రహం ఇప్పుడు ఇదే రోడ్డుకి దక్షిణపు కొసన ఉంది. దాని దగ్గర ఫొటోలకి అంత గిరాకీ లేదు.

ఈ స్తంభాలను చూడాలంటే తెల్లవారుజామునే రండి. సూర్యుడు నీళ్లలోంచి లేచేసరికి వెలుగు ఏటవాలుగా పడి ఒక పలక మెరుస్తుంది, పక్కది ఇంకా చీకట్లోనే ఉంటుంది.