పోరుమామిళ్ల రాళ్లు చెప్పే చెరువు కట్టుబడి

తిరుమల గుడి గోడలమీది శాసనాలు చదువుతూ పోతే డబ్బు లెక్కలు బాగా కనిపిస్తాయి. విజయనగర కాలంలో దాత స్వామివారి భండారానికి పణాలు సమర్పిస్తాడు. ఆ సొమ్ముతో దేవస్థానం ఊళ్లలో చెరువులు, కాలువలు తవ్విస్తారు. పెరిగిన పంటలోంచి దాత పేరిట నైవేద్యం జరుగుతుంది. చరిత్రకారుడు బర్టన్ స్టైన్ 1960లో ఈ ఏర్పాటును విడమరిచి చూపాడు. మరి ఆనాటి చెరువు ఎలా కట్టారు? అది తెలియాలంటే తిరుపతిలో తెల్లారకముందే బయల్దేరి కడప, బద్వేలు మీదుగా పోరుమామిళ్ల వెళ్లాలి.

అక్కడ భైరవుడి గుడి ముందు నిలిపిన రెండు రాతి పలకలమీద ఉంది జవాబు. కాలం శక 1291, అంటే 1369. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు, ఉదయగిరి రాజ్యాన్ని ఏలిన భాస్కరుడు తాను కట్టించిన అనంతరాజ సాగరం గురించి సంస్కృతంలో చెక్కించాడు. చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు అందులో ఉన్నాయి. రోజుకు 1,000 మంది కూలీలు, రాయి తోలడానికి 100 బండ్లు, 2 ఏళ్ల పని అని కూడా రాసి ఉంది.

ఆ అంగాల్లో కొన్ని ఇవి. అడుగున గట్టి బంకమట్టి ఉండాలి. తియ్యటి నీటి ఏరు మూడు యోజనాల దూరంనుంచి రావాలి. చెరువును తాకుతూ కొండలుండాలి, వాటి నడుమ కట్ట పడాలి. ఆ కట్ట మరీ పొడుగు కాకూడదు, రాయి దట్టంగా పేర్చి ఉండాలి. తిన్నని, నిడుపాటి రాళ్లు దొరికే చోటు దగ్గర్లో కావాలి. ఆఖరిది, పని తెలిసిన మనుషుల జట్టు. ఇదంతా చదివి కట్టమీదికి వెళితే రాసిన మాట కళ్లెదుట కనిపిస్తుంది. కట్టలో పెద్ద భాగం వరసగా నిలిచిన కొండలే. మనుషులు పూడ్చింది వాటి మధ్య మూడు సందుల్ని మాత్రమే. మట్టికట్ట పోసి, నీటి వైపు వాలుకు కడప బండలు పరిచారు. కొండ ఉన్నచోట గంపెడు మట్టి కూడా వృథా చేయలేదు. నా దృష్టిలో ఇంతకు మించిన పనితనం లేదు.

నీటిని వాడుకునే తీరు అన్నిచోట్లా ఒకటి కాదు. చైనాలో క్రీ.పూ. 256 ప్రాంతంలో లీ బింగ్ అనే అధికారి డూజియాంగ్యాన్ దగ్గర మిన్ నదికి ఆనకట్టే కట్టలేదు. నది నడుమ గట్టు పోసి పాయలుగా చీల్చి, పొలాలకు మళ్లించాడు. అక్కడ నదికి నీటి కరువు లేదు. మన రాయలసీమ ఏర్లు నాలుగు వానలకు పారి ఎండిపోతాయి కాబట్టి పట్టి నిలపాల్సిందే. అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ ఐసీఐడీ వారసత్వ కట్టడాల జాబితాలో డూజియాంగ్యాన్ 2018లో, పోరుమామిళ్ల చెరువు 2020లో చేరాయి.

ఇక పోరుమామిళ్ల శాసనం చెప్పే దోషాల్లో మొదటిది కట్టలోంచి నీరు ఊరడం. 2021 నవంబరు వానలకు తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు వచ్చిన ముప్పు ఇదే. దిగువ ఊళ్లు ఖాళీ చేయించి, బస్తాలు వేసి కట్టను నిలబెట్టుకున్నారు. మరో దోషం, నీరు కొంచెమై సాగునేల ఎక్కువ కావడం. చెరువు కింద సేద్యం చేసే ఏ రైతునడిగినా దీని సంగతి చెబుతాడు.

పోరుమామిళ్ల వెళ్లేవాళ్లు కట్ట నడిమధ్యనుంచి నీళ్లు చూసి తిరిగి రావద్దు. కొండా మట్టికట్టా కలిసే చోటుదాకా నడిచి, ఆ అతుకు చూడండి. నీరు ముందుగా దారి వెతుక్కునేది అక్కడే.