ఆట ఆగినచోట మొదలయ్యే కథ

అమెరికాకు చెందిన రయట్ గేమ్స్ 2009లో విడుదల చేసిన ‘లీగ్ ఆఫ్ లెజెండ్స్’లో కథ వినే తీరిక ఎవరికీ ఉండదు. ఇటు ఐదుగురు, అటు ఐదుగురు. ఎదుటి జట్టు స్థావరంలోని నెక్సస్‌ను పగలగొట్టినవాళ్లు గెలిచినట్టు. చచ్చిన పాత్ర కాసేపటికి లేచొచ్చి మళ్లీ కొడుతుంది. నూటయాభైకి పైగా ఉన్న పాత్రల్లో ఒక్కొక్కరికీ నాలుగైదు విద్యలు, కొన్ని డైలాగులు, పేరుకో పూర్వకథ. అంతే సరుకు. అందులోంచి 2021 నవంబరులో నెట్‌ఫ్లిక్స్‌లోకి ‘ఆర్కేన్’ అనే యానిమేషన్ సీరియల్ వచ్చింది. మరుసటి ఏడాది ఉత్తమ యానిమేషన్ కార్యక్రమంగా ఎమ్మీ గెలిచింది. స్ట్రీమింగ్ సీరియల్‌కు ఆ విభాగంలో అదే తొలి ఎమ్మీ.

గేమ్‌ని సీరియల్‌గా తీయడం కొత్తేమీ కాదు. ‘పోకేమాన్’ 1996లో గేమ్, 1997లో జపాన్ టీవీలో సీరియల్. గేమ్‌లో పికాచు నూటయాభై ఒక్క జీవాల్లో ఒకటి, చెప్పినట్టు తనను బంధించే బంతిలో పడి ఉంటుంది. సీరియల్లో అది బంతిలోకి వెళ్లనని మొండికేసింది. ఆ మొండితనంతోనే కథ పుట్టింది. ‘కాసిల్‌వేనియా’ గేముల్లో డ్రాకులాను చంపడమే పని. 2017 నాటి సీరియల్ మాత్రం అతని భార్యను మంత్రగత్తె అని చర్చివాళ్లు సజీవంగా తగలబెట్టడాన్ని మొదటి ఎపిసోడ్‌లోనే చూపించి, రాక్షసుడి కోపానికి ఒక కారణం ఇచ్చింది. మంచి అనుసరణల కిటుకు ఇదే: ఆటగాడి చేతిలో మీటలు ఉన్నంతసేపూ గేమ్ చెప్పలేనిది వెతికి పట్టుకోవడం. గేమ్‌లోని దెబ్బలాటలను వరసపెట్టి తెరకెక్కిస్తే, ఎవరో ఆడుతుంటే వెనక నిలబడి చూసినట్టే ఉంటుంది.

తెలుగువాళ్లకు ఈ కిటుకు పాతదే. తోలుబొమ్మలాటలో రంగనాథ రామాయణం ద్విపదలు పాడుతూనే, ఏ రామాయణంలోనూ లేని జుట్టుపోలిగాడిని, బంగారక్కను, కేతిగాడిని తెర మీదికి తెస్తారు. వాళ్ల సరసాలు, తిట్లు, ఊరి కబుర్లు లేకపోతే తెల్లవార్లూ జనం కూర్చోరు. ‘ఆర్కేన్’లో ఆ చోటు సిల్కోది. గేమ్‌లో ఎక్కడా లేని ఒక కన్ను పాడైన ఈ నాయకుడిని సీరియల్ కోసమే సృష్టించారు. సీరియల్‌లోనే పుట్టిన మెల్ అనే పాత్ర 2025 జనవరిలో ఎదురు దారిన గేమ్‌లోకే వెళ్లింది.

పనితనంలోనూ దూరపు చుట్టరికం ఉంది. అనంతపురం సీమలోని నిమ్మలకుంటలో తోలుబొమ్మల కోసం మేకతోలును వెలుగు సోకేలా పలచన చేసి, గీత గీసి, నగలూ అంచులూ మెరిసే చోట ఉలితో చిల్లులు కొట్టి, రెండు వైపులా రంగులద్దుతారు. చేతులు, కాళ్లు వేరువేరు ముక్కలు; దారంతో ముడి వేస్తే కీలు. ఒకే పాత్రకు సందర్భాన్ని బట్టి వేరువేరు బొమ్మలుంటాయి. ఆ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

‘ఆర్కేన్’ను తయారుచేసిన పారిస్‌లోని ఫోర్టీష్ స్టూడియో పాత్రలను కంప్యూటర్‌లో త్రీడీగా కట్టి, వాటి చర్మం మీద, బట్టల మీద కుంచె గీతలు కనబడేలా రంగులను చేత్తో వేసింది. వాటి మీది నీడ చాలావరకు కంప్యూటర్ లెక్కగట్టింది కాదు, చిత్రకారుడు పూసింది. వెనక కనిపించే వీధులు, గోడలు పెయింటింగులు. పొగ, నిప్పు, పేలుళ్లను టూడీలో విడిగా బొమ్మ తర్వాత బొమ్మగా గీశారు. నటుల ఒంటికి సెన్సర్లు కట్టి కదలికలను దింపుకునే పద్ధతిని పక్కన పెట్టి, యానిమేటర్లే ఒక్కొక్క భంగిమా కుదిర్చారు. అందుకే ప్రధాన పాత్ర వై కొట్టే పిడికిలిలో బరువు తెలుస్తుంది, మరో ప్రధాన పాత్ర జింక్స్ కనురెప్ప అదిరినా భయం తెలుస్తుంది. గేమ్‌లో ఒకరినొకరు వెక్కిరించుకునే ఈ ఇద్దరినీ సీరియల్ అక్కాచెల్లెళ్లుగా తేల్చింది. అక్కను కాపాడబోయి చెల్లెలు చేసిన పనికి ఇక్కడ రెండో అవకాశం లేదు. చచ్చినవాళ్లు గేమ్‌లోలా కాసేపటికి లేచిరారు.

విశాఖ ప్రేక్షకులకు ఈ కథలో మరో దారి కూడా తెరుచుకుంటుంది. నదికి ఇవతల పిల్టోవర్: అద్దాల మేడలు, అకాడమీ, శాస్త్రవేత్తలు. అవతల దిగువ పట్నం: ఫ్యాక్టరీల పొగ, దగ్గు, పోలీసు లాఠీ. 1933లో పోర్టు, 1957లో రిఫైనరీ వచ్చాక, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారంతో మహానగరంగా ఎదిగిన ఊరు విశాఖ. బొగ్గు, ఇనుప ఖనిజాల ధూళి డాబాల మీద, ఆరేసిన బట్టల మీద పేరుకుంటోందని వన్‌టౌన్ జనం ఎన్నాళ్లుగానో మొరపెట్టుకుంటున్నారు. బీచ్ రోడ్డు ఫొటోల్లో ఆ నలుపు పడదు. ‘ఆర్కేన్’ రాసినవాళ్లు వైజాగ్‌ని చూసి రాయలేదు. అయినా ఒక ఊరి సంపదా ఆ ఊరి పొగా ఒకే చిమ్నీలోంచి వస్తాయని వాళ్లకు తెలుసు. దిగువ పట్నానికి స్వాతంత్ర్యం కావాలనే సిల్కో, ఆ పట్నం పిల్లలకే మత్తుమందు అమ్ముతాడు. అతనిది పచ్చి విలనీ అని కొట్టిపారేయలేకపోవడమే ఈ రచన బలం.

లోపాలు లేవని కాదు. 2024 నవంబరులో వచ్చిన రెండో భాగం తొమ్మిది ఎపిసోడ్లలో రెండింతల కథను కుక్కింది. యుద్ధాలు, మాయలు, కాలంలో ప్రయాణాలు పెరిగి, మొదటి భాగాన్ని నిలబెట్టిన వీధి గొడవ వెనక్కి పోయింది. పాటలు కథను నడిపే కాడికి రాలేదు. చాలాచోట్ల మ్యూజిక్ వీడియోలా అతికించినట్టు ఉన్నాయి. బొమ్మల అందం మాత్రం ఎక్కడా తగ్గలేదు.

గేమ్ ఆడినవాళ్లకే అర్థమవుతుందేమోనన్న జంకు అక్కర్లేదు, ఆడనివాళ్లకే ఇది ఎక్కువ రుచిస్తుంది. మొదటి మూడు ఎపిసోడ్లూ ఒకే రోజు విడుదలయ్యాయి, ఒకే కథగా కూర్చినవి కూడా. వాటిని విడగొట్టకుండా ఒక్క రాత్రిలో చూడండి. మూడోది అయ్యాక నచ్చకపోతే నిరభ్యంతరంగా ఆపేయండి.