మరమ్మతు ప్రోటీన్లు – జన్యు అనులేఖనం: తెలుగు శాస్త్రపరిభాషలో ఒక రూపకం, దాని పరిమితి

వ్యాససంగ్రహం:
దెబ్బతిన్న డీఎన్ఏను సరిచేసే ప్రోటీన్లను తెలుగు శాస్త్రరచనల్లో ‘మరమ్మతు ప్రోటీన్లు’ అంటున్నారు. వీటిలో కొన్ని జన్యువుల అనులేఖనాన్ని ఆరంభించడంలోనూ, ఆగిపోయిన అనులేఖనం తిరిగి సాగేలా చేయడంలోనూ పాల్గొంటాయి. పేరు ఒక్క పనినే చెప్పడం వల్ల రెండవ పని మరుగున పడుతున్నది. ఈ లోపం కొన్ని వంశపారంపర్య వ్యాధుల అవగాహనకు ఎలా అడ్డు వస్తున్నదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తెలుగు వ్యాకరణంలోని కారకభావన ఇందుకు చూపగల మార్గాన్ని సూచిస్తుంది.

కీలకపదాలు: శాస్త్రపరిభాష, రూపకం, అనులేఖనం, డీఎన్ఏ మరమ్మతు, కారకం.

1. ఉపోద్ఘాతం:
జీవకణంలోని చర్యలకు పెట్టిన పేర్లలో చాలా భాగం రాతపని నుంచి వచ్చినవే. డీఎన్ఏలోని సమాచారం ఆర్ఎన్ఏగా నకలు కావడం అనులేఖనం. ఆ ఆర్ఎన్ఏను అనుసరించి ప్రోటీను తయారు కావడం అనువాదం. వీటి పక్కనే ఉన్న ‘మరమ్మతు’ మాత్రం ఇళ్లకూ యంత్రాలకూ సంబంధించిన మాట. ఇంటి గోడను బాగుచేసే మేస్త్రీకి, ఆ ఇంట్లో కూర్చుని రాసుకునే లేఖకునికి పనిలో సంబంధం ఉండదు. అందువల్ల మరమ్మతు, అనులేఖనం రెండు వేర్వేరు శాఖలన్న భావం పాఠకునిలో సహజంగా ఏర్పడుతుంది. కణంలో వాస్తవం ఇందుకు భిన్నం.

2. అనులేఖనాన్ని ఆరంభించే మరమ్మతు ప్రోటీన్లు:
ఇందుకు ప్రబలమైన ఉదాహరణ టీఎఫ్-టూ-హెచ్ అనే పది ప్రోటీన్ల సముదాయం. ఇది మొదట అనులేఖనానికి అవసరమైన అంశంగా పరిశోధకుల దృష్టికి వచ్చింది. ఎక్స్‌పీబీ అనే ప్రోటీను మరొక దారిలో, మరమ్మతు లోపించిన రోగుల కణాలపై జరిగిన పరిశోధనల ద్వారా తెలిసింది. ఈ ఎక్స్‌పీబీ టీఎఫ్-టూ-హెచ్‌లో అంతర్భాగమేనని 1993లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో జాన్-మార్క్ ఎగ్లీ బృందం వెల్లడించింది. జన్యువు ఆరంభస్థానంలో డీఎన్ఏ పురి విప్పి పాలిమరేజ్‌కు దారి ఇచ్చేదీ, అతినీలలోహిత కిరణాలకు దెబ్బతిన్న చోట పురి విప్పి మరమ్మతుకు దారి ఇచ్చేదీ ఒకే సముదాయం. ఒక దానిని ‘అనులేఖన కారకం’ అని, మరొక దానిని ‘మరమ్మతు ప్రోటీను’ అని పిలవడంలో కనిపించేది కనుగొన్న క్రమమే కాని వస్తుస్వభావం కాదు.

3. ఆగిన అనులేఖనం, చెరిగే గుర్తు:
అనులేఖనం జరుగుతున్న డీఎన్ఏ పోగు, దానికి ఎదురుగా ఉన్న పోగు కంటే త్వరగా బాగుపడుతుందని 1987లో ఫిలిప్ హనవాల్ట్ బృందం చూపింది. దెబ్బ ఉన్న చోట పాలిమరేజ్ ఆగిపోవడమే మరమ్మతుకు పిలుపు. మానవకణాల్లో అలా ఆగిన పాలిమరేజ్‌ను సీఎస్‌బీ ప్రోటీను అంటిపెట్టుకొని, మరమ్మతుకు కావలసిన ఇతర ప్రోటీన్లను రప్పిస్తుంది. బాక్టీరియాలో ఈ బాధ్యత ఎంఎఫ్‌డీ ప్రోటీనుది. అది ఆగిన పాలిమరేజ్‌ను అక్కడి నుంచి తొలగిస్తుంది.

టీడీజీ అనే ఎంజైము కథ ఇంకా విలక్షణమైనది. డీఎన్ఏలో పొరపాటు జతగా చేరిన థైమిన్‌ను తీసివేయడం దాని పనుల్లో ఒకటి. సైటోసిన్‌పై ఉండే మిథైల్ గుర్తు చాలా సందర్భాల్లో జన్యువును మౌనంగా ఉంచుతుంది. ఆ గుర్తు కొన్ని రసాయనిక మార్పులు పొందిన తరువాత, ఆ సైటోసిన్‌ను టీడీజీ తొలగిస్తుంది. ఖాళీ అయిన చోట గుర్తు లేని సైటోసిన్ చేరుతుంది. ఇక్కడ దెబ్బ అంటూ ఏదీ లేదు. మరమ్మతు పద్ధతే జన్యువును మేల్కొలిపే పద్ధతి అయింది. టీడీజీ లోపించిన ఎలుకపిండాలు బతకవు.

4. పేరు వల్ల కలిగే అనర్థం:
‘మరమ్మతు లోపిస్తే ఉత్పరివర్తనాలు పెరుగుతాయి, ఉత్పరివర్తనాలు పెరిగితే క్యాన్సర్ వస్తుంది’ అన్న సూత్రం పాఠకునికి సుపరిచితం. జీరోడెర్మా పిగ్మెంటోసమ్ వ్యాధి విషయంలో అది సరిపోతుంది. ఈ రోగుల కణాల్లో మరమ్మతు లోపాన్ని 1968లో జేమ్స్ క్లీవర్ నిరూపించాడు. వీరికి చర్మక్యాన్సర్ ముప్పు ఎంతో ఎక్కువ. కాని సీఎస్‌బీ లోపం వల్ల వచ్చే కాకేన్ సిండ్రోమ్‌లో పిల్లల ఎదుగుదల ఆగుతుంది, నాడీవ్యవస్థ క్షీణిస్తుంది, ఎండ పడదు. అయినా చర్మక్యాన్సర్ ముప్పు పెరగదు. అతినీలలోహిత కిరణాలు సోకిన తరువాత ఈ రోగుల కణాల్లో ఆర్ఎన్ఏ తయారీ తిరిగి కోలుకోదని 1982లోనే మేన్, లీమన్ గుర్తించారు.

ఎక్స్‌పీడీ జన్యువు ఈ చిక్కును మరింత స్పష్టం చేస్తుంది. ఈ ఒక్క జన్యువులోనే మార్పు ఒక చోట జరిగితే జీరోడెర్మా, మరొక చోట జరిగితే ట్రైకోథయోడిస్ట్రోఫీ రావచ్చు. రెండవ వ్యాధిలో వెంట్రుకలు గంధకం తగ్గి పెళుసుబారుతాయి. సాధారణంగా చర్మక్యాన్సర్ ముప్పు మాత్రం పెరగదు. పెళుసైన వెంట్రుకను ‘మరమ్మతు లోపం’ అన్న మాటతో వివరించడం సాధ్యం కాదు. టీఎఫ్-టూ-హెచ్ సముదాయం నిలకడ తప్పడం, దాని వల్ల అనులేఖనం కుంటుపడడం లెక్కలోకి తీసుకుంటేనే ఆ లక్షణానికి అర్థం దొరుకుతుంది. మరమ్మతు అన్న పేరు దగ్గరే ఆగిన బోధన ఈ రోగుల వ్యాధిలో సగాన్నే చెబుతుంది.

5. కారకభావన చూపే దారి:
‘మరమ్మతు’కు బదులు గ్రంథపరిష్కరణ నుంచి ‘పరిష్కరణ’ అన్న మాటను తీసుకోవచ్చునన్న ఆలోచన రావచ్చు. పరిష్కర్త నిర్ణయించిన పాఠాన్నే తరువాతి లేఖకుడు రాస్తాడు కనుక, రెండు పనులకు పొత్తు కుదురుతుంది. అయితే పరిష్కరణకూ తప్పు ఉండి తీరాలి. టీడీజీ ఉదాహరణలో తప్పు లేదు. కనుక పదాన్ని మార్చినంత మాత్రాన సమస్య తీరదు.

పరిష్కారం ‘అనులేఖన కారకం’ అన్న సమాసంలోనే ఉంది. శాస్త్రరచనలో కారకం అంటే కారణమైనది అన్న అర్థమే స్థిరపడింది. వ్యాకరణంలో కారకం క్రియతో నామానికి గల సంబంధం. ‘రాముడు కత్తితో తాడు కోశాడు’ అన్నప్పుడు కత్తి కరణం. ‘రాముడు కత్తిని నూరాడు’ అన్నప్పుడు అదే కత్తి కర్మ. కత్తి మారలేదు, క్రియ మారింది. ప్రోటీన్లనూ ఇదే విధంగా చూడవచ్చు. ఎక్స్‌పీడీని ‘మరమ్మతు ప్రోటీను’ అని ముద్రవేయకుండా, ‘మరమ్మతులో పురి విప్పుతుంది, అనులేఖనంలో సముదాయాన్ని నిలబెడుతుంది’ అని క్రియతో కలిపి చెప్పాలి. అనులేఖనానికి దాని ఉనికి అవసరమే కాని పురి విప్పే శక్తి అవసరం లేదన్న సూక్ష్మభేదం కూడా అప్పుడే వాక్యంలో ఇముడుతుంది.

6. ముగింపు:
‘మరమ్మతు’ తేలిగ్గా అర్థమయ్యే మాట. దానిని వదులుకోవలసిన అవసరం లేదు. దానిని ప్రోటీనుకు శాశ్వత విశేషణంగా కాక, అది పాల్గొనే క్రియల్లో ఒకదానికి పేరుగా వాడడం ఉచితం. పాఠ్యపుస్తక రచయితలు, అనువాదకులు ప్రతి ప్రోటీనునూ ముందు దాని పేరుతో పరిచయం చేసి, ఆ తరువాత ఏ క్రియలో ఏ పాత్ర వహిస్తుందో విడివిడిగా చెప్పడం అవసరం. శాస్త్రపదానికి సంస్కృతమూలమా, దేశ్యమా అన్న చర్చ తెలుగులో చాలాకాలంగా సాగుతున్నది. ఆ పదం ఏ వాస్తవాన్ని చూపుతున్నది, దేనిని కప్పుతున్నది అన్న ప్రశ్నకూ ఆ చర్చలో అంతే చోటు దక్కాలి.