ముందు ఆవిరి వాటా

పిల్లల అనుబంధమొకటి ఈ వారం ‘ఎవరెస్టు శిఖరం మీద గాలిలో ఆక్సిజన్ 7 శాతమే’ అని రాసింది. మనసు చివుక్కుమంది. 2014 మే 25న మన మాలావత్ పూర్ణ పదమూడేళ్ల వయసులో ఎక్కిన శిఖరమది. ఆ కథలో లెక్క తప్పకూడదు. దిద్దమని ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

విశాఖ బీచ్‌లోనైనా ఎవరెస్టు మీదైనా ఆక్సిజన్ 21 శాతమే. తగ్గేది పీడనం. 1981లో క్రిస్టఫర్ పిజ్జో శిఖరం మీద బారోమీటర్ పెట్టి చూస్తే 253 మిల్లీమీటర్లు. సముద్రమట్టంలో 760. ఆక్సిజన్ పాక్షిక పీడనం అక్కడ 53, ఇక్కడ 159. డాల్టన్ నియమం గురించి ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు: ఒకే పాత్రలో ఉన్నా ఏ వాయువు పీడనం దానిదే, పక్కదానితో పనిలేదు.

అంతవరకు రాశాక ఇంటర్ ల్యాబ్ గుర్తొచ్చింది. జింకు ముక్కల మీద ఆమ్లం పోసి, హైడ్రోజన్‌ను నీళ్లతొట్టిలో బోర్లించిన గొట్టంలోకి పట్టేవాళ్లం. లోపలి నీటిమట్టం, బయటి నీటిమట్టం సమం చేసి, బారోమీటర్ చూసి, ఆ అంకెనే హైడ్రోజన్ పీడనంగా రికార్డులో వేశాను. మాస్టారు రికార్డు నా ముందు పెట్టి, ‘‘నీళ్ల మీద పట్టావు కదయ్యా, ఆవిరి ఎక్కడికి పోయింది?’’ అన్నారు. పట్టిక తీయించారు. 30 డిగ్రీల దగ్గర 32 మిల్లీమీటర్లు. తీసేస్తే మిగిలిందే హైడ్రోజన్‌ది. అప్పుడది మార్కుల కోసం చేసే తీసివేతలా అనిపించింది.

ఊపిరితిత్తి కూడా అలాంటి గొట్టమే. పీల్చిన గాలి శ్వాసనాళం దాటేలోపు ఒంటివేడికి పూర్తిగా తడుస్తుంది. ఆ ఆవిరి పీడనం 47. ఒంటివేడి మారనంతవరకు ఏ ఎత్తులోనైనా అంతే. మూసిన పాత్రలోనైతే ఆవిరి చేరినా ఆక్సిజన్ పీడనం తగ్గదు, మొత్తం పెరుగుతుంది. ఊపిరితిత్తి మూసిన పాత్ర కాదు. లోపలి మొత్తం బయటి గాలిని మించలేదు. ఆవిరి తన 47 తీసుకున్నాక మిగిలినదే మిగతావాటికి. ‘పక్కదానితో పనిలేదు’ అని ఇన్నేళ్లూ రాసిన నేను ఈ తేడా ఒక్కసారీ చెప్పలేదు.

760లో 47 పోతే పెద్ద లోటు కాదు. 253లో పోతే మిగిలేది 206. అందులో ఆక్సిజన్ 43. సముద్రమట్టంలో నిలబడి 6 శాతం ఆక్సిజన్ ఉన్న గాలి పీల్చినట్టు.

అనుబంధం వారి 7, ఆ 53ను 760తో భాగిస్తే వచ్చినది. ‘గాలిలో’ అన్నమాట తప్పే, అది దిద్దాలి. కానీ ఎక్కేవాళ్ల ఊపిరి సంగతైతే 7 కూడా ఎక్కువే. ఉత్తరం మళ్లీ మొదటినుంచి రాశాను.