రాయి చెప్పినంతే రాద్దాం

శాసనానికి అచ్చు తీయడం ఓపికతో చేసే పని. ముందు రాయిని కొబ్బరిపీచుతో కడగాలి. ఇనుప వస్తువుతో గీకితే అక్షరం పోతుంది. తడిపిన కాగితం పరిచి, కుచ్చుబ్రష్షుతో కొడుతూ పోతే అది అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. కాస్త ఆరాక, సిరా పట్టించిన గుడ్డముద్దతో పైపైన అద్దాలి. అక్షరాలు తెల్లగా, చుట్టూ నలుపు. సిరా కాస్త ఎక్కువైనా శక సంవత్సరంలో ఒక అంకె పూడిపోతుంది. అంకె పోతే చరిత్రే మారుతుంది. రుద్రమదేవి 1289లో మరణించిందని మనకు తెలిపింది చందుపట్లలో దొరికిన ఒక్క రాయే.

నాకు ఈ పని మీద ప్రేమ పెరిగింది బయ్యారం చెరువు శాసనం వల్ల. మహబూబాబాద్ జిల్లాలోని ఆ చెరువుకు ధర్మకీర్తి సముద్రమని పేరు. తవ్వించింది గణపతిదేవుడి తోబుట్టువు మైలాంబ. నతవాడి ఇంటి కోడలైనా, శాసనంలో తన పుట్టింటి వంశాన్ని మూలపురుషుడు వెన్నడి నుంచి వరుసగా చెప్పించింది. గుండ అనే పేరున్న ముగ్గురిని పరశురాముడు, దాశరథి రాముడు, బలరాముడితో పోల్చారు. కాకతీయుల తొలి తరాల గురించి మాట్లాడాలంటే ఈ ఆడబిడ్డ రాయి దగ్గరికి రాక తప్పదు.

ఆ వంశం చివరి రోజుల గురించి ఢిల్లీ వాళ్ళు చాలా రాశారు. 1303లో వచ్చిన ఖిల్జీ సైన్యం ఓడి వెనుదిరిగింది. 1310లో మాలిక్ కాఫుర్ ఓరుగల్లును ముట్టడించిన తీరును అమీర్ ఖుస్రో ‘ఖజాయిన్ ఉల్ ఫుతూహ్’లో విజయగాథగా రాశాడు. 1323లో ఢిల్లీ సేనతో వచ్చిన ఉలుగ్ ఖాన్ కోటను పట్టుకున్నాడు. బందీగా వెళ్ళిన ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున కన్నుమూశాడని చెప్పేది మాత్రం మనవాళ్ళే, ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనంలో. దూరాన బల్గేరియాలోనూ ఇలాంటిదే జరిగింది. 1393లో మూడు నెలల ముట్టడి తర్వాత ఒట్టోమన్ తురుష్కులు రాజధాని తర్నొవోను పట్టుకున్నారు. ఓడినవారి వైపు కథ గ్రిగొరీ త్సాంబ్లాక్ అనే మతాచార్యుడు పేట్రియార్క్ యెవ్తిమీని కీర్తిస్తూ రాసిన ప్రసంగంలో నిలిచింది. ఓడినవారు రాసుకున్నది కొంచెమే. అందుకే అందులో ప్రతి ముక్కా మనకు ముఖ్యం.

భూపాలపల్లి జిల్లా ఘనపూర్ కోటగుళ్ళలో విరిగిన స్తంభాలు, పక్కకు ఒరిగిన గోడలు చూసినవాళ్ళు వెంటనే అనే మాట, “తురకలు పగలగొట్టారు” అని. దండయాత్రలు నిజం. గుళ్ళు పాడైన బాధను విలస శాసనం దాచలేదు. కానీ ఘనపూర్‌లో ఏ రాయిని ఎవరు ఎప్పుడు విరగ్గొట్టారో విలస చెప్పదు. మర్రివేళ్ళు గోడను చీల్చగలవు, పునాది కుంగితే స్తంభం ఒరుగుతుంది, గుప్తనిధుల కోసం తవ్వేవాళ్ళు మన కాలంలోనూ ఉన్నారు. ఆధారం లేకుండా నింద ఒకరి మీద వేయడం ఆ గుళ్ళు కట్టిన శిల్పులకూ, చరిత్రకూ అన్యాయమే అని నా గట్టి నమ్మకం.

జనగామ నుంచి భూపాలపల్లి దాకా ఊళ్ళలో ఉన్నవాళ్ళకు ఒక మనవి. గుడి ముందో, చెరువు కట్ట మీదో అక్షరాలున్న రాయి కనిపిస్తే సున్నం కొట్టకండి, ఎనామిల్ రంగు వేయకండి, కల్వర్టుకు వాడనివ్వకండి. ఎండ ఏటవాలుగా పడే పొద్దున పూట ఫోటో తీయండి, అక్షరాలు స్పష్టంగా వస్తాయి. దాన్ని హెరిటేజ్ తెలంగాణ శాఖకు పంపండి.